అక్క చూపిన చుక్క

కరోనా ఏడాది యూనివర్సిటీ హాస్టల్ మూసేస్తే ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని గద్వాల దగ్గరి మా ఊరికి వచ్చాను. నా పరిశోధన ఒక నక్షత్ర గుచ్ఛం మీద. లక్షల నక్షత్రాలు ఒకేచోట ముద్దగా ఉంటాయి. వాటిలో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండేవాటిని వెతికి పట్టుకోవాలి. వేర్వేరు రాత్రుల్లో టెలిస్కోపుతో తీసిన ఫొటోలను ఒకదాని వెంట ఒకటి తెర మీద తిప్పి చూడటమే పని. అంచుల్లో సులువే. నడిమధ్య చుక్క మీద చుక్క పడి, ప్రోగ్రామే చేతులెత్తేసేది. నేనూ ఎత్తేసి, అక్కడ ఏమీ లేదని రాసిపెట్టుకున్నాను.

అక్క ఇల్లు మా వీధిలోనే. ఏడో తరగతిలో బడి మానేసి సీడు పత్తి చేన్లకు క్రాసింగ్ కూలికి పోయింది. రేపు విచ్చే మొగ్గ ఏదో వేల మొగ్గల్లో కనిపెట్టి, పుప్పొడి కాడలు గిల్లేసి, ఎర్ర కాగితం గుర్తు పెట్టాలి. మరునాడు పొద్దున వచ్చి దానికి మగ పువ్వు రుద్దాలి. తప్పిపోయిన మొగ్గ కాయ విత్తనానికి పనికిరాదు. అక్క సాళ్లలో తప్పిన మొగ్గ దొరకదని కూలీల మేస్త్రీ ఊరంతా చెప్పేవాడు.

ఒకరోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అక్క నా వెనక కూర్చుంది. నేను ఫొటోలు తిప్పుతుంటే తెర నడిమధ్య వేలు పెట్టింది.

"తమ్మీ, గీ చుక్క ఇందాక గింత లేకుండె."

"గివి పత్తి మొగ్గలు గావక్కా" అన్నాను. తెరకు వేలి మరక అంటిందని విసుక్కుంటూ ఆమె ముందే తుడిచాను.

నెల తర్వాత మా గైడు నడిభాగం మళ్లీ చూడమన్నారు. మరక తుడిచేశాను గానీ అదెక్కడుండేదో మరచిపోలేదు. ఆ ఒక్క చుక్క వెలుగును ఫొటో ఫొటోకూ కొలిచి గీత గీస్తే, గబుక్కున లేచి మెల్లగా దిగింది. సగం రోజుకోమారు అదే వరస. అప్పటిదాకా ఏ జాబితాలోనూ లేని నక్షత్రం. ఎలా దొరికిందని సెమినార్‌లో అడిగితే, ఓపిగ్గా కళ్లతో చూసి పట్టానన్నాను. ఎవరి కళ్లో చెప్పలేదు. చప్పట్లు కొట్టారు. సొమ్మొకడిది, సోకొకడిది.

అంతటితో ఆగినా బాగుండేది. పరిశోధన పేపర్ అచ్చయ్యాక ఇంటికి తెచ్చి అందరికీ చూపించాను. నక్షత్రం చుట్టూ చిన్న సున్నా చుట్టిన ఫొటో చూడగానే అక్క మొహం విప్పారింది.

"గిది నేను జూపిన చుక్కనే గదా?"

"కాదక్కా. అది వేరే, గిది వేరే."

ఎందుకలా అన్నానో ఎన్నిసార్లు తవ్వుకున్నా ఒకటే జవాబు. బడి మానేసిన కూలిమనిషి చూపిందని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ఆమె క్రాసింగ్‌కు పోబట్టే నేను బడికి పోగలిగానని ఆ క్షణాన గుర్తుకు రాలేదు. అక్క ఫొటోను కాసేపు దూరంగా, కాసేపు దగ్గరగా పెట్టి చూసి, గట్లనే కావచ్చని తిరిగిచ్చింది.

రెండేళ్ల తర్వాత థీసిస్ ఇచ్చేసి ఊరికి పోతే, అమ్మ మాటల్లో మాటగా చెప్పింది. నేను పేపర్ చూపించి పోయినప్పుడే అక్క క్రాసింగ్ మానేసిందట. కండ్లు మోసం చేస్తున్నాయని తనే మేస్త్రీకి చెప్పి, కలుపు తీయడానికి పోతోందట. దవాఖానలో చూపిస్తే చూపు బాగానే ఉందన్నారట గానీ నమ్మలేదట. చదువుకున్న తమ్ముడే కాదన్నాక డాక్టర్ మాట ఏపాటి?

 వెంటనే లేచి చేనికి పోయాను. అక్క వంగి కలుపు తీస్తోంది. గట్టు మీద నిలబడి, ఆ చుక్క నువ్వు చూపిందేననీ, అబద్ధమాడాననీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. నిజానికి తిట్టాలనే కోరుకున్నాను. ఆమె చేతుల మట్టి దులుపుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే నా కండ్లు మంచిగనే ఉన్నయా?"

ఉన్నాయన్నాను.

"జర ముందుగల్ల చెప్తే ఏమాయె తమ్మీ. రెండేండ్లు మొగ్గ ముట్టకపోతి."