రాగి పలక మీద ఎడమ చేతి కాగితం

రాగి చెక్కే మిషన్ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మెకానిక్ మామ. వరసకు చుట్టం కాడు. మా నాన్నా ఆయనా ఒకే రైల్లో సూరత్ వచ్చారు, ఆ లెక్కన మామ. ఎంబ్రాయిడరీ మిషన్ల కార్డులు, అంటే లోపల ఉండే సర్క్యూట్ పలకలు, బాగుచేయడం ఆయన పని. వడోద్‌లో మా కింది గదిలో వదిన నడిపే పాత మిషన్‌కు మొదటి నుంచీ ఆయనే వైద్యుడు.

ఆ శుక్రవారం పొద్దున మామ ఆ మిషన్‌లోంచి ఒక కార్డు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఖతం. మాడిపోయింది," అన్నాడు.

అది దారం తెగిన సంగతి కనిపెట్టే కార్డు. దారం తెగగానే మిషన్ ఆగాలి. కార్డు లేకపోతే మిషన్‌కు ఆ సంగతి తెలియదు. ఖాళీ సూదితో గుడ్డను గజాల కొద్దీ పొడుచుకుంటూ పోతుంది. అంత పాత కార్డు ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. ఇదివరకైతే మామే రాగి పలక మీద మార్కర్‌తో గీతలు గీసి, మందునీళ్ళలో ముంచి, అక్కర్లేని రాగిని కరిగించేవాడు. ఇప్పుడు ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు.

"ఒక గీత గీస్తే రెండు కనవడ్తున్నయ్. ఏది నేను గీసిందో నాకే తెల్వది," అన్నాడు.

"మరెట్ల మామా?" అంది వదిన. "సేఠ్ సోమారం దాకనే చూస్తనన్నడు. లేసుల మాల్ ఇయ్యకుంటే పని వేరేటోళ్ళకు పోతది. పని పోతే ఈ మిషన్ పాత ఇనుము కొనే భంగార్‌వాలాకే."

"అందుకే ఒక సుద్ది తెచ్చిన. ఊరవతల సచిన్ ఏరియాల ఒక ఇంజనీరు సారు దగ్గర పీటంత మిషనున్నది. రాగి పలకను సన్నగ చెక్కుతది. ఆయన ముట్టక ఏడాదైంది, కావాలంటే పట్టుకపొమ్మన్నడు. నడిపేటోళ్ళు గావాలె." మామ నా వైపు తిరిగాడు. "బిడ్డా, నీకు బొమ్మ వేసుడు వస్తది గదా."

నాకు వచ్చింది మగ్గం పని. ఇంట్లోనే రవికల మీద జరీ పూలు కుడతాను. బడి బెంచీ మీద కూర్చున్నదాన్ని కాదు. మా నాన్న సాంచాల, అంటే మరమగ్గాల, డ్యూటీ దిగి వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు, దారపు పోగులతో లెక్కలు చెప్పాడు. అట్లా నేర్చుకున్న దానికి ఒక లాభం ఉంది: తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుండదు. అందుకు నాన్నకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఆ సాయంత్రానికే ఆటోలో మిషన్ వచ్చింది. మార్కండేయుడి పటం కింద బల్ల మీద పెట్టాం. పేరు సీఎన్‌సీ అట. చూస్తే ఇనుప చట్రం, మూడు మోటార్లు, ఒక సూది. ఒక మోటారు పక్కకు, ఒకటి ముందుకూ వెనక్కూ, ఒకటి పైకీ కిందికీ జరుపుతాయి. వైరు తగిలించే ముందు నేను పటానికి దండం పెట్టి, చేయి మిషన్‌కు కూడా ఆనించాను.

"దేవునికి మొక్కుతివి సరే, దీనికి గూడ మొక్కుతవా?" అంది వదిన.

"మొక్కితే పోయేదేముంది వదినె, నీ మిషన్‌కు మొక్కకనే గిట్లయింది."

శనివారం పొద్దున మామ ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాడు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని. ఉత్త పలక మీద ఒక పెట్టె గీయించి చూశాం. ఒక మూల లోతుగా తెగింది, ఎదురు మూలలో గీత కూడా పడలేదు. మామ బొటనవేలి గోరుతో పలకంతా తడిమాడు.

"వెంట్రుక మందం వంకరున్నది. దీన్నే చూసుకొమ్మనాలె."

ఎలా చూసుకుంటుందా అని నాకు ఆత్రం. రెండు వైర్లు తెచ్చి ఒకటి సూదికి, ఒకటి రాగికి తగిలించాడు. సూది మెల్లగా దిగింది. రాగిని ముట్టుకున్న క్షణాన ఆగి, పైకి లేచి, పక్క చోటికి జరిగింది. ముట్టుకున్న ప్రతిచోటి ఎత్తునూ కంప్యూటర్ రాసుకుంది. ఆ తర్వాత పలక ఎక్కడ వంగితే సూదీ అక్కడ అంత కిందికి దిగింది. నాకు వదిన మిషన్ గుర్తొచ్చింది. అక్కడా దారం బిగువు తగ్గితే ఒక చిన్న స్ప్రింగు కదులుతుంది, మిషన్‌కు తెలుస్తుంది. కళ్ళు లేని ఈ వస్తువులన్నీ తాకి తెలుసుకునేవే.

మధ్యాహ్నం బొమ్మ వేశాం. మాడిన కార్డును పార్టులు పైకి కనబడేలా పెట్టుకుని, మామ తడుముకుంటూ మీటరు ముళ్ళు రెండు చోట్ల ఆనించేవాడు. కూత వినబడితే ఆ రెంటికీ దారి ఉన్నట్టు. ఆయన కూత వినేవాడు, నేను కాగితం మీద కలిపేదాన్ని, తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మగ్గం పనిలో దారం వేస్తేనే బొమ్మ. ఇక్కడ సూది దారిని ముట్టదు, చుట్టూ కంచె కడుతుంది. కంచె లోపల మిగిలిన రాగే దారి. గంటన్నర కూర్చుని అది తిరుగుతుంటే చూశాను. కుక్కర్ కూతలు లెక్కపెట్టడం కూడా మరిచాను.

పలక చక్కగా వచ్చింది. రంధ్రాలు కూడా అదే వేసింది. మామ ఎనిమిది కాళ్ళ చిప్పును వెనక నుంచి దూర్చి, వేలితో తడిమి, ఆగిపోయాడు.

"బిడ్డా, ఒకటో కాలు ఎనిమిదో కాలు జాగల కూసున్నది. అంత ఉల్టా."

నాకు అర్థం కాలేదు. వదిన మామ సంచీ తీసి వెతికింది. ఇంకొక్క రాగి పలకే ఉంది, ఆదివారం దుకాణాలు తెరవరు.

తప్పు నాదే. మగ్గం మీద మేము గుడ్డ ముఖం మీదే కుడతాం. కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన పొడి రుద్దితే కాగితం మీది బొమ్మే గుడ్డ మీద దిగుతుంది. ఇన్నేళ్ళ ఆ అలవాటుతో పార్టుల వైపు నుంచి చూసి వేసిన బొమ్మను అలాగే చెక్కించాను. కానీ రాగి ఉండేది వెనక వైపు.

రాత్రి పూట రవిక చేతుల కాగితం మడిచి పెడుతుంటే తట్టింది. కుడి చేతికి పొడిచిన కాగితాన్నే తిరగేసి ఎడమ చేతికి రుద్దుతాం కదా. నేను రోజూ చేసే పనే. ఆ మాట ఇంత ఆలస్యంగానైనా గుర్తుచేసిన వాడికి దండం పెట్టి పడుకున్నాను.

ఆదివారం పొద్దున కంప్యూటర్‌లో బొమ్మను తిరగేశాను. మామకు చెబితే నవ్వాడు.

"అయితే నిన్న ఎడమ చెయ్యి కుట్టినవన్నట్టు."

"రెండు చేతులు గావాలె గద మామా రవికకు."

ఈసారి చిప్పు తన చోట కూర్చుంది. మామ చెబుతుంటే సోల్డరింగ్ నేనే చేశాను, రెండుచోట్ల వేలు కాలింది. కార్డు బిగించి, వదిన మిషన్ నడిపింది. అన్ని సూదులూ లేచి పడుతున్నాయి. మామ బల్ల మీద కూర్చుని, సరిగా చూడలేడు కాబట్టి తల వంచుకుని వింటున్నాడు.

"కత్తెరతోని ఒక దారం తెంపు," అన్నాడు వదినతో.

వదిన తెంపింది. రెండు కుట్లు పడ్డాయి. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"ఆగింది," అన్నాడు మామ, మిషన్ మీద వెలిగిన ఎర్ర దీపం కనబడకపోయినా.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆగింది మామా."

"మరి నిలవడ్డవేంది, దారమెక్కియ్యి. సేఠ్ ఆగుతడా?"

సోమవారం లేసులు రింగ్ రోడ్‌లోని సేఠ్ దుకాణానికి చేరాయి. వదిన మిషన్ ఇప్పుడు నేను రాస్తుంటే కింద చప్పుడు చేస్తూనే ఉంది. ఎడమ చేతి పలకను పటం పక్కనే ఉంచాను. ఆపరేషన్ అయ్యి కంటి పట్టీ విప్పగానే ముందు అదే చూపించమన్నాడు మామ, నవ్వుకోవాలట.

వచ్చే వారం ఆయనకు మొదటి కంటి ఆపరేషన్. ఇది చదివినవాళ్ళు ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆయన్ను తలచుకోండి. పేరు అక్కర్లేదు, వడోద్ కార్డుల మామ అంటే చాలు. పైవాడికి తెలుసు.