కాదండి అనడం నేర్పిన మేడంగారు

ఎదురింటివాళ్ళు సాయంత్రం ఎండు కొబ్బరిపీచు డొక్కలు కాల్చినట్టున్నారు. పాపని నిద్రపుచ్చి వచ్చి కూర్చున్నా ఆ పొగ వాసన ఇంకా గదిలోనే ఉంది. ఆ వాసన తగిలితే నాకు సుభద్ర మేడంగారు గుర్తొస్తారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ముక్తేశ్వరంలో మా పక్కింట్లో ఉండేవారు. పెరట్లో డొక్కల పొయ్యి మీద నీళ్ళు కాగుతుంటే, పక్కన నన్ను కూర్చోబెట్టి యూనివర్సిటీ ఇంటర్వ్యూకి తయారుచేసేవారు.

ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష గట్టెక్కాను. ఇంటర్వ్యూలో పోతే చదువు అక్కడితో ఆపెయ్యాలని ఇంట్లో ముందే చెప్పేశారు. ఆ భయంతో నేను జవాబులన్నీ బట్టీ పడుతుంటే, ఆవిడ పుస్తకం పక్కన పెట్టించేసి, "కొబ్బరికి ఉప్పు అస్సలు పడదు కదమ్మా?" అన్నారు. పెద్దవాళ్ళు ఏమన్నా 'ఆయ్' అనడం మా వైపు మర్యాద.

"ఆయ్, పడదండి."

"మరి మీ నాన్న చెట్ల పాదుల్లో ఉప్పెందుకు వేస్తున్నారే? కూర వండుతున్నారా?"

నాకు తెలియక కాదు. పెద్దావిడ మాట కాదనడానికి నోరు రాలేదంతే.

"నీ మార్కులు ఎలాగూ ఇంటర్వ్యూవాళ్ళ దగ్గరున్నాయి. గంగిరెద్దులా తలూపడానికైతే నిన్ను అంత దూరం పిలవడం దేనికి? నీకు తోచింది చెప్పు. అండీ అనే చెప్పు, కానీ చెప్పు."

ఆ తరవాత రోజూ ఏదో ఒక తప్పు మాట అనేవారు. కాదండి అనేదాకా వదిలేవారు కాదు.

ఇంటర్వ్యూలో అందరికంటే పెద్దాయన, "కొబ్బరి ఉప్పుని తట్టుకుంటుంది. పక్కన రొయ్యల చెరువులొచ్చినా మీ తోటలకేం కాదు, అంతేగా?" అన్నారు. 'ఆయ్' నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"కాదండి. కాట్రేనికోనలో మా మేనత్తగారి తోటలో చెరువు పక్క చెట్లకి పిందెలు రాలిపోతున్నాయండి."

"ఎందుకు?"

"పూర్తిగా తెలీదండి. తెలుసుకుందామనే వచ్చానండి."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, తోట గురించి చాలాసేపు అడిగారు. సీటు వచ్చింది. పరిగెత్తుకెళ్ళి చెప్పి, "పాపం, ఆయన మొహం చిన్నబోయిందేమోనండి" అన్నాను.

"ఆయన మొహం సంగతి వాళ్ళావిడ చూసుకుంటుందిలే" అన్నారు మేడంగారు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఇవాళ పొద్దున్న డాక్టరుగారు పాప నుదుటి మీద చెయ్యి వేసి, "జ్వరం తగ్గిపోయిందిగా అమ్మా" అంటూ తరవాతి వాళ్ళని పిలవబోయారు. నేను లేవలేదు.

"కాదండి. సాయంత్రమైతే మళ్ళీ ఒళ్ళు కాలిపోతోందండి. ఇంకోసారి చూడండి" అన్నాను.

ఆయన స్టెత్ మళ్ళీ చెవులకి పెట్టుకున్నారు.