ముందంటే ఎటు? అంతర్వేది నుంచి కడలి అంచున ఒక రోజు

మా ఇంటి నుంచి సముద్రం మహా అయితే ఎనభై కిలోమీటర్లు. రాజమండ్రిలో పుట్టి, అక్కడే డిగ్రీ చదివి, ఇరవై నాలుగేళ్ళొచ్చినా కోనసీమ కింది అంచు నేను చూడలేదు. రెండు వైపులా గోదావరి పాయలు, మూడో వైపు సముద్రం, అంటే కోనసీమ అక్షరాలా ఒక ద్వీపమేనని ఐదో తరగతిలో మ్యాపు గీసి మరీ నేర్చుకున్నాను. అయినా బీచి అనగానే గోవా టిక్కెట్లే వెతికేదాన్ని. ఆ గోవా ప్లాను మూడోసారి కూడా పాడయ్యాక ఇంట్లో కాలు నిలవక, ఒక్కదాన్నే బయల్దేరాను. అంతర్వేది నుంచి చింతలమోరి దాకా సముద్రం పక్కనే తిరిగి, సాయంత్రానికి ఇంటికి చేరాలన్నది ఆలోచన. చేరాను. పది రోజులైంది, ఇంకా తేరుకోలేదు.

తెల్లవారుజామున ఐదున్నరకి ఆర్టీసీ కాంప్లెక్సులో రాజోలు బస్సెక్కితే రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం మీదుగా రెండున్నర గంటలు పట్టింది. టిక్కెట్టు నూట యాభై లోపే. కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి, కాలవలు బాగా కనిపిస్తాయి. రాజోలులో బండి మీద పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిని, రోజంతటికీ ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు దానియేలు గారికి యాభై ఏళ్ళుంటాయి, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు.

"పదిహేను వందలండి. కానీ మధ్యలో నాకో గంట పనుందండి. ఒప్పుకుంటే వంద తగ్గించుకోండి."

"జీడిపప్పు కొట్టుకి తీసుకెళ్తారా?" అన్నాను. ఇలాంటివి చాలా చూశాను.

"ఆయ్, కొట్టు కాదండి. మా అమ్మ దగ్గరికండి. ఇవాళ తప్పితే కుదరదు."

ముసలావిడకి మందులో బియ్యమో ఇచ్చొస్తాడు కాబోలు అనుకుని ఎక్కాను. వెనక సీటు కింద పేపర్లు చుట్టిన చెక్కపెట్టె ఉంది, కొత్త వార్నిష్ వాసన కొడుతోంది. కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ కదులుతుంటే అద్దంలో చూసి, "దాని మీద పెట్టుకోండి, పర్లేదండి. ఖాళీదే" అన్నాడు. చెప్పులతో సహా పెట్టుకున్నాను.

తొమ్మిదిన్నరకి అంతర్వేది. స్వామి దర్శనానికి పావుగంట పట్టింది, మామూలు రోజుల్లో రద్దీ ఉండదు. అక్కణ్ణుంచి అన్నాచెల్లెళ్ళ గట్టుకి వెళ్ళాను. గోదావరి ఎర్రగా, సముద్రం నీలంగా, మధ్యలో ఎవరో గీత గీసినట్టు రెండు రంగులు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. నలభై ఫొటోలు తీశాను. దానియేలు గారు ఫోన్లో టైము చూసుకుంటూ నిలబడ్డాడు. పన్నెండు నుంచి రెండు దాకా పాటు, అంటే నీళ్ళు వెనక్కి తగ్గే వేళట. ఎల్లుండి పౌర్ణమి పోటుకి నీళ్ళు ఎంత దూరం ఎక్కుతాయో చెప్పలేమట.

ఆ తరవాత దారి రీల్సులో చూపించినట్టు లేదు. సరుగుడు తోట పక్కన వెళ్తున్న తారు రోడ్డు ఉన్నట్టుండి ఆగిపోయింది. మలుపు కాదు, గొయ్యి కాదు, రొట్టె ముక్క కొరికినట్టు తారు తెగి, కింద అలలు. నా ఫోను మ్యాపులో మాత్రం ఆ రోడ్డు ఇంకో అర కిలోమీటరు ముందుకి పోతూనే ఉంది. కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా ఇసకలో పడుకుని ఉన్నాయి, కొన్నిటికి గెలలు కూడా ఉన్నాయి.

"మొన్న వేసవికి ఇక్కడే టీ తాగేవాళ్ళమండి," అని దానియేలు గారు నీళ్ళ మీదికి చెయ్యి చూపించాడు. "బల్ల అక్కడ, పొయ్యి ఇక్కడ."

లోపలి మట్టిదారిలో తిరిగి ఒక ఊరు చేరాం. పేరు రాయను, అడగొద్దు. అక్కడ ఒకావిడ ముందుగా చెబితే చేపల పులుసుతో భోజనం పెడుతుంది, మనిషికి నూట ఇరవై. "వంట గంటన్నరలో అవుద్ది, ముందు వైపు నీడలో కూర్చోండి" అంది. రోడ్డు వైపున్న అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ తల బయటపెట్టి, "అదేంటమ్మా, దొడ్లో కూర్చున్నారు?" అని నవ్వింది. ఆ ఊళ్ళో ఇళ్ళన్నిటికీ సముద్రం వైపే వాకిలి, రోడ్డు వైపు దొడ్డి. నాకు భలే నచ్చి, డైరీలో రాసుకున్నాను కూడా.

పన్నెండింటికి దానియేలు గారి పని. ఆటో ఏ ఇంటి ముందూ ఆగలేదు, సమాధుల తోట దగ్గర ఆగింది. అక్కడ ఒకప్పుడు రెండు వరుసలుండేవట. రోడ్డు వైపు వరుస ఉంది. సముద్రం వైపు వరుస ఉండాల్సిన చోట నిలువెత్తు ఇసక గట్టు, దాని కింద అలలు, ఒక సిమెంటు సమాధి సగం తలకిందులై ఉంది. పోయిన అమావాస్య పోటుకి ఆ వరుస వరుసంతా ఒక్క రోజులో పోయిందట. పాస్టరు గారు, సమాధులు తవ్వే ఇస్సాకు తాత, ఇంకో ఇద్దరు పారలతో ఎదురుచూస్తున్నారు. దానియేలు గారు పెట్టె దించి పేపర్లు విప్పాడు. మూత మీద తెల్ల రంగుతో అమ్మ పేరు, 'సువార్తమ్మ'.

నా చెప్పుల ముద్రలు ఆ పేపర్ల మీద ఉన్నాయి.

"మీరు ఆటోలో కూర్చోండమ్మా," అన్నాడు ఆయన. కూర్చోలేకపోయాను. గట్టు అంచున సిమెంటు సమాధుల చివర ఒకే ఒక్క చెక్క సిలువ ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి తవ్వడం మొదలుపెట్టారు. ఎల్లుండి పోటుకి ఈ వరుసా పోయేలోపు ఎముకలు తీసి దూరంగా పూడ్చాలట. ఈ ఊరు అమ్మ పుట్టిల్లని, తాను రాజోలులో పెరిగానని, అమ్మ పోయినప్పుడు దుబాయిలో లారీ తోలేవాడినని, మట్టి వెయ్యడం ఫోన్లో వీడియోలో చూశానని, తిరిగొచ్చాక తుఫాను నీళ్ళకి రెండు చెక్క సిలువలు కొట్టుకుపోతే వెతికి తెచ్చి తానే పాతానని చెప్పాడు. "అదృష్టమండి, అమ్మది ఇటు వరుసైంది. ఆ రెండో సిలువ యోహాను గారిది. కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. ఆయనది అటు వరుస, పోయిందండి పాపం. కూతురు కరుణ వచ్చి ఈ గట్టు మీదే పడి ఏడ్చింది."

నడుము లోతుకి తవ్వాక ఇసక తడిగా మారింది. లోపలి పాత పెట్టె చెక్క ఎప్పుడో చివికిపోయింది. ఇస్సాకు తాత చేత్తో ఒక్కో ఎముకా తీసి తెల్ల గుడ్డ మీద పెడుతున్నాడు. తొడ ఎముక తీసి, ఆగాడు. ఇసక దులిపాడు. దాన్ని పట్టుకుని జానెడుకి పైగా పొడవున్న ఇనప కడ్డీ ఉంది, మేకులతో సహా.

"మీ అమ్మకి కాలు విరిగిందా?" అన్నాడు పాస్టరు గారు.

"లేదండి."

తాత ఆ ఎముకని కింద పెట్టలేదు. "ఇది యోహాను కదరా. చెట్టు మీంచి పడితే కాకినాడలో రాడ్డేశారు. ఆ కాలు ఈడుస్తూనే కదా నడిచేవాడు."

"యోహాను గారిది వెనక వరుస. మా అమ్మది ముందు వరుస. నువ్వే చెప్పావు తాతా. సిలువ పాతేటప్పుడు నిన్ను అడిగే పాతాను."

"చెప్పాను. ముందు వరుసనే చెప్పాను." తాత గోతిలోంచి తలెత్తాడు. "నువ్వు ముందంటే ఎటనుకున్నావురా?"

దానియేలు గారు రోడ్డు వైపు చూశాడు, అక్కడ ఆయన ఆటో ఉంది. తరవాత తాత చూస్తున్న వైపు చూశాడు. అటు సముద్రం.

పారలు పట్టుకున్న ఇద్దరిలో ఒకతను తలపాగా తీసేశాడు. నా డైరీ నా సంచిలోనే ఉంది, అందులో ఈ ఊళ్ళో ముందంటే సముద్రం వైపని నేను నవ్వుకుంటూ రాసుకున్నది గంట కిందటే.

"పెట్టె ఇలా తెండి," అన్నాడు దానియేలు గారు చివరికి. అమ్మ కోసం చేయించిన పెట్టెలో యోహాను గారి ఎముకల్ని తానే సర్దాడు. రాడ్డున్న ఎముకని అన్నిటికన్నా పైన పెట్టాడు. మూత తిరగేసి మూశాడు, పేరు లోపలికి పోయింది. తరవాత నా వైపు తిరిగి, "మీ ఫోనుకి సిగ్నలుందా అమ్మా? నాది అందట్లేదు" అన్నాడు.

కరుణ భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో పని చేస్తుందట. నంబరు ఆయన చెబితే నేను కలిపాను. ఆయన చేతులనిండా ఇసక కాబట్టి స్పీకరు పెట్టి నేనే పట్టుకున్నాను. వెనక నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"కరుణమ్మా, నేను దానియేలు బాబాయిని. మీ నాన్న దొరికాడమ్మా."

"ఏంటి బాబాయ్?"

"మీ నాన్న పోలేదు. ఇక్కడే ఉన్నాడు. కాలు రాడ్డుతో సహా ఉన్నాడు. తప్పు నాదేనమ్మా, సిలువలు తారుమారు పాతాను. నిన్ను ఊరికే ఏడిపించాను."

అవతల వెక్కిళ్ళు. కాసేపటికి, "నేనొచ్చేదాకా పూడ్చకండి బాబాయ్, ఇప్పుడే బయల్దేరుతున్నాను" అంది. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "మరి సువార్తమ్మ మామ్మ?"

దానియేలు గారు తడి ఇసక చేతుల్ని లుంగీకి తుడుచుకున్నాడు.

"అమ్మది ముందు వరుసమ్మా," అన్నాడు.

భోజనానికి వెళ్ళాం. నేను వద్దన్నాను, ఆయనే "పులుసు చల్లారిపోద్దండి, ఆవిడ బాధపడుద్ది" అని తీసుకెళ్ళాడు. ఈసారి నేను సరైన వైపే కూర్చున్నాను. ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, అలల వైపు చూసి, మళ్ళీ కలిపాడు. చింతలమోరి వెళ్దామా అని అడిగాడు, మాట ఇచ్చాను కదండి అని. నేనే వద్దన్నాను. కరుణ బస్సు దిగే వేళకి ఆయన అక్కడుండాలి. నన్ను ఇంకో ఆటో ఎక్కించాడు. డబ్బు సగమే తీసుకున్నాడు, ఎంత చెప్పినా వినలేదు.

అందమైన చోటుకి వెళ్ళి అందంగా ఉందని రాయడానికే బయల్దేరాను. అందంగానే ఉంది. ఆ నలభై ఫొటోలూ బాగా వచ్చాయి. కానీ ఆ తీరం గురించి నాకు తెలుసనుకున్నదంతా రోడ్డు వైపు నుంచి చూసిందేనని ఇప్పుడనిపిస్తోంది. మ్యాపు కూడా రోడ్డు వైపు నిలబడి గీసిందే. అక్కడి వాళ్ళు ముఖం అటు పెట్టి బతుకుతారు. ఆ ముందు వైపే రోజుకో అడుగు చొప్పున వాళ్ళ మీదికి వస్తోంది.

మీరూ వెళ్తుంటే ఒక్కటే చెబుతాను. ఆ ఊళ్ళలో దారి అడిగినప్పుడు ఎవరైనా 'ముందు' అంటే తలూపి కదిలిపోకండి. రోడ్డు వైపా, నీళ్ళ వైపా అని ఇంకోసారి అడగండి. వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.