సగం బరకం

తుఫాను పోయిన మర్నాడు కోటబొమ్మాళి అవతలి ఆ చిన్న పంచాయతీకి టార్పాలిన్ బరకాలొచ్చాయి. కప్పులెగిరిన ఇళ్లలో సగానికి మాత్రమే సరిపోతాయవి.

సర్పంచి పద్మకుమారికి 'లేదు' అనే మాట నోట పలకదు. కాపురానికొచ్చిన కొత్తలో, గుమ్మంలోకొచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టేసి తను గంజి తాగి పడుకునేది. ఆ గుణం చూసే ఊరు ఓట్లేసింది.

"పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లకి ముందిద్దాం మేడమ్" అన్నాడు సచివాలయం ఉద్యోగి దేవేంద్ర.

"మరి మిగతావోళ్ల మొకం నానెలాగ సూడను?" అని పద్మకుమారి కత్తిపీట తెప్పించింది. ఒక్కో బరకాన్నీ రెండు ముక్కలు కోయించి, ఇంటికో ముక్క పంచింది. జనం దండాలు పెట్టారు. ఆవిడ కళ్లు చెమర్చాయి.

మధ్యాహ్నానికి మళ్లీ వాన దంచింది. దండాలు పెట్టినవాళ్లే గోలగోలగా వచ్చిపడ్డారు. అందరికంటే ముందు ముసలి లక్ష్మీనరసమ్మ.

"ఏటమ్మా సర్పంచీ! పొయ్యి మీద కప్పితే మంచం తడుస్తన్నాది, మంచం మీద కప్పితే పొయ్యారిపోతన్నాది. నీ దయ వల్ల ఊరంతా సమానంగా తడిసినాం!"

వెనకాల సింధూరి చంకలో చంటిది తడిగుడ్డలో వణుకుతోంది. పద్మకుమారి దాన్ని తన కొంగులో చుట్టి జనం వైపు తిరిగింది.

"ముక్కలన్నీ ఎనక్కి తెండి. రెండేసి కలిపి పిల్లలూ ముసిలోళ్లూ ఉన్న ఇళ్లకి కప్పుదుం. ముక్కిచ్చినోళ్లు ఆ ఇళ్లల్లోనే తలదాసుకోండి."

సోములు అడ్డం తిరిగాడు. "నా ముక్క గేదె మీదేసినాను. నోరులేని జీవం మీద జాలి లేదేటి?"

"జాలి సాలా ఉన్నాది మావా. బరకమే లేదు."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని నమ్మలేక ఆవిడే ఒకసారి చుట్టూ చూసింది.

సోములు వంతుకొచ్చింది ధనరాజు ఇల్లు. పొలం గట్టు తగాదా అయినకాడి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ధనరాజు మనవణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడి, సోములు వంక చూడకుండా దేవేంద్రతో అన్నాడు: "గేదెని నా పంచన కట్టీమను. ఆణ్ని మాత్తరం ఆ మూలనుండమను." తరవాత వాళ్లు మాట్లాడుకున్నారు గానీ, అంతా గేదె మీద పెట్టే.

"ఒసే, మీవోడికి సుట్ట కావాలేమో అడుగే."

"అగ్గిపెట్టి కూడా కావాలని సెప్పే."

వారం తిరక్కుండా రెండో విడత బరకాలొచ్చాయి. మళ్లీ చాలవు. ఈసారి పద్మకుమారి కత్తిపీట ఊసెత్తలేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, బురదలో ఇల్లిల్లూ తిరిగి, కప్పులు చూసొచ్చాకే పంచింది. బరకం రానివాళ్లు మొహమ్మీదే తిట్టారు. సొంత ఆడపడుచు గౌరి అయితే, "ఈసారి ఓటడగడానికి రా, సెప్తాను" అంది.

ఇంటికొచ్చి పద్మకుమారి కంచం ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే రెండోసారి చారు పోసుకుని కడుపునిండా తింది.