రంగయ్య లాగిన్

పత్తికొండ బస్టాండు పక్క హోటల్లో టమోటా చట్నీ ఉండదు. ఊరంతా టమోటా వాసనే, ప్లేటులో మాత్రం పల్లీల చట్నీ. అడిగితే హోటలాయన, "దినామూ సూసేదే గదప్పా, మళ్లా తినాల్నా?" అన్నాడు.

సరే, అసలు సంగతి. ఇది నిజంగా జరిగింది. ఒట్టు వేయమంటే వేస్తాను. కాకపోతే "రేపటికి రెడీ సార్" అని రోజూ చెప్పే వృత్తి నాది, కాబట్టి నా ఒట్టుకు పెద్ద ధర పలకదు.

అప్పట్లో కర్నూలులో ఒక చిన్న కంప్యూటర్ సంస్థలో ఉండేవాణ్ణి. పత్తికొండలో సుబ్బయ్య శెట్టి టమోటా మండీకి బిల్లుల ప్రోగ్రాం మేమే పెట్టాం. ఒక సాయంత్రం సర్వర్ ఆగిపోయింది. తెల్లారితే లారీలు వస్తాయి. బిల్లు లేనిదే గంప కదలదు. టమోటా ఎవరి కోసమూ ఆగదు.

రాత్రికల్లా మండీకి చేరుకున్నాను. కారణం తేలిగ్గానే దొరికింది. ఎవరు లాగిన్ అయినా సర్వర్ ఒక ఫైలులో రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. వచ్చాడు... పాస్‌వర్డ్ అడిగాను... చెప్పాడు... సరిపోయింది... లోపలికి పంపాను. ఒక్క మనిషికి ఇంత పురాణం. మా ప్రోగ్రామేమో ఊరికే వెళ్లి మళ్లీ మళ్లీ తలుపు కొట్టే రకం. రాసి రాసి డిస్కు నిండిపోయింది.

మందూ చిన్నదే. సరిగ్గా వచ్చినవాళ్ల గురించి రాయడం మాన్పించాలి. తప్పు పాస్‌వర్డ్ కొట్టినవాళ్ల పేర్లే ఉంచాలి. దొంగ తెలిస్తే చాలు, దొరలతో పనేముంది?

పాత లాగ్ చెరిపేసి సర్వర్‌ను లేపాను. సెట్టింగ్ మార్చేముందు కాసేపు చూద్దామని లాగ్‌ను తెర మీద పెట్టుకున్నాను. మండీలో ఉన్నది ఇద్దరం. శెట్టి నా వెనక మంచం మీద గుర్రు పెడుతున్నాడు. మిగతా కంప్యూటర్లన్నీ ఆపేసి ఉన్నాయి. తడి గోనెల వాసన. యూపీఎస్ ఉండుండి... టిక్... అంటోంది.

తెర ఖాళీ. ఖాళీగానే ఉండాలి.

అప్పుడు ఒక వరుస వచ్చింది.

రంగయ్య... వచ్చాడు.

పాస్‌వర్డ్ అడిగింది.

సరిపోయింది.

లోపలికి... పంపింది.

రంగయ్య శెట్టి అంటే సుబ్బయ్య శెట్టి అన్న. అంతకుముందటి ఎండాకాలమే చనిపోయాడు. ఆయన లాగిన్ తీసేస్తామంటే తమ్ముడు ఒప్పుకోలేదు. రోజూ బోణీ బిల్లు మాత్రం తన అన్న పేరు మీదే కొట్టేవాడు, తన కంప్యూటర్లో, తన చేత్తో. ఆ పాస్‌వర్డ్ ఇప్పుడు సుబ్బయ్య శెట్టికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన గుర్రు నాకు వినిపిస్తూనే ఉంది.

వరుస చివర కంప్యూటర్ పేరు చూశాను. మూలనున్నది. రంగయ్య కూర్చునేది. ఆయన పోయాక ఎవరూ తాకలేదు.

లేచి వెళ్లాను. నాకేం సరదా కాదు. కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. గుడ్డ మీద దుమ్ము. ప్లగ్గు పీకి, వైరు చుట్టి, దారం కట్టి పెట్టారు. చేయి ఆనించాను. చల్లగా ఉంది... కుర్చీ మాత్రం బల్లకు కాస్త ఎడంగా ఉంది. మనిషి కూర్చునేంత. అది ముందు నుంచీ అలాగే ఉందా? నేను గమనించలేదు.

దీనికి సాంకేతిక వివరణలు ఉన్నాయి. నాకే మూడు తెలుసు. పగటిపూట మూడూ బాగుంటాయి. అదేమిటో మాత్రం ఇప్పటికీ తెలియదు.

తిరిగొచ్చి సెట్టింగ్ మార్చాను. మార్చక తప్పదు, లారీలు దారిలో ఉన్నాయి. తెర నిలిచిపోయింది. ఎవరూ రావడం లేదో, వస్తున్నా రాయడం లేదో... ఇక తెలియదు.

శెట్టి లేచాడు. "అయిపాయనా అప్పా?"

"అయింది శెట్టిగారూ. ఇక నిండదు." నవ్వులాటగానే అన్నాను, "మధ్యలో రంగయ్యగారి లాగిన్ ఒకటి కనిపించింది."

ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను. పడలేదు.

"వస్తాంటాడు," అన్నాడు. "దినామూ పొద్దున ఆ ఫైలు తెరిచి సూస్తాంటి. రాత్రి పూట అన్న పేరుంటే... ఆ దినం శానా నిమ్మళంగా ఉంటాండె."

ఏం మార్చానో చెప్పాను.

"అంటే, సరిగ్గా కొట్టినోళ్ల పేరు ఇంగ రాయదా?"

"రాయదు. తప్పు కొడితేనే రాస్తుంది."

శెట్టి మూలకేసి చూశాడు.

"మా అన్న యానాడూ తప్పు కొట్టడప్పా."