గట్టు దాకా చదివిన పాఠాలు

పడవత్త నాకు ఏ వరసకూ అత్త కాదు. అమ్మ తరఫూ కాదు, నాన్న తరఫూ కాదు. ఏటికి అవతలున్న బడికి వెళ్లే పిల్లలందరికీ ఆవిడ అత్తే. ఆవిడ మాత్రం ఏ బడికీ వెళ్లలేదు.

ముందు ఆవిడ పని చెప్పాలి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మణికట్టంత లావు తాడు కట్టి ఉండేది. అటొక ఇనప స్తంభం, ఇటొక ఇనప స్తంభం. పడవకు తెడ్డు లేదు, మోటారు లేదు. పడవత్త ముందు నిలబడి, చేతులు మార్చుకుంటూ ఆ తాడు లాగితే పడవ కదిలేది. మొదట్లో ఆ పని ఆవిడ భర్తది, మాకందరికీ మామ. గట్టు మీద జారిపడి మామ నడుం విరిగాక, ఇరవై నాలుగేళ్ల వయసులో ఆవిడ తాడు పట్టుకుంది. "ఆడమనిషి లాగితే మేం ఎక్కుతామా?" అన్న పెద్దమనుషులు వారం రోజులు వంతెన మీదుగా ఆరు మైళ్లు చుట్టూ తిరిగారు. ఎనిమిదో రోజు నోరు మూసుకుని ఎక్కారు.

ఆవిడ పడవలో పిల్లలకు ఒక్కటే షరతు. ఎవరో ఒకరు పుస్తకం తీసి గట్టిగా చదవాలి, మిగతావాళ్లు కదలకుండా వినాలి. చదువు మీద ప్రేమతో పెట్టిందనుకునేరు! అదేం కాదు. ఖాళీగా ఉంటే పిల్లలు అంచున వేలాడతారు, నీళ్లు చల్లుకుంటారు, ఒకళ్లనొకళ్లు తోసుకుంటారు. ఆవిడ రెండు చేతులూ తాడుకే సరిపోయాయి, ఇక చెవులు మెలిపెట్టేదెవరు? అందుకని పుస్తకం.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నా గొంతు పెద్దది. ఇప్పటికీ పెద్దదే, కావాలంటే మా స్టాఫురూములో అడగండి. "నువ్వు చదవవే మైకూ" అంది మొదటి రోజే. అంతే, ఆ పేరు నాకు అతుక్కుపోయింది, ఆ పని కూడా. ఏడేళ్లు చదివాను. ఇష్టమై కాదు. అందరూ ఏటి మీద కొంగల్ని చూస్తుంటే నేనొక్కదాన్నే పుస్తకంలోకి చూడాలి. ఒళ్లు మండిపోయేది. అందుకే పడవ గట్టుకు తగిలిందంటే చాలు, వాక్యం మధ్యలో ఉన్నా సరే, ఠక్కున పుస్తకం మూసేసేదాన్ని.

"తర్వాతేమైందే?" అని అడిగేది, స్తంభానికి పడవను కడుతూ.

"తర్వాత బడి గంట కొట్టారు!" అని దూకి పరుగో పరుగు.

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని ఊరికే అన్నారా?

ఏరు ఒకసారి దాటడానికి పేజీన్నర పట్టేది. పాఠాలేమో మూడు పేజీలు, నాలుగు పేజీలు. పొద్దున సగంలో ఆగినదాన్ని సాయంత్రం ఎవరు పట్టించుకుంటారు? ఇంకో పాఠం తీసేవాళ్లం. పెద్ద పిల్లలు లైబ్రరీ పుస్తకాలు తెచ్చేవారు. మైళ్లు నడిచి చదువుకున్న పిల్లల కథలు, నది మీద బతికే కుటుంబాల కథలు, కష్టాల్లో పెరిగి నిలదొక్కుకున్నవాళ్ల కథలు. అవీ పేజీన్నరే. నా తర్వాత ఇంకో పిల్ల, ఆ పిల్ల తర్వాత ఇంకొకడు. అలా ఇరవై రెండేళ్లు విందావిడ.

అప్పటికి నేను అదే బడిలో భాష చెప్పే టీచర్నయ్యాను. ఒకరోజు రేవుల ఆఫీసు నుంచి ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. తాడు పడవలు ఇక నడపకూడదట. మోటారు పడవ ఇస్తారట. నడిపేవాళ్లు పది పాసై ఉండాలట. వచ్చే జూలై నెలాఖరులోగా సర్టిఫికెట్ చూపిస్తే పడవ ఈవిడకే, లేకపోతే ఇంకొకరికి. ఆయన చెడ్డవాడేం కాదు. "ప్రైవేటుగా పరీక్ష రాయొచ్చమ్మా" అని చెప్పింది కూడా ఆయనే.

మర్నాడు మధ్యాహ్నం పడవత్త నా క్లాసు గుమ్మంలో నిలబడింది. చీర అంచు మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"మైకూ, నాకు పది కావాలే" అంది, కొట్లో సబ్బు అడిగినట్టు.

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఈ ఏరు తప్ప నాకేం తెలుసు చెప్పు? నలభై ఆరేళ్లొచ్చాయి. ఇప్పుడు ఇంకెవడో పడవ నడుపుతుంటే గట్టున కూర్చుని చూడమంటావా? చచ్చిపోతానే నేను." ఆవిడ అలా మాట్లాడగా వినడం నాకదే మొదలు.

బడి వదిలాక గంటసేపు చదువు. మొదటి రోజు బోర్డు మీద నాలుగు మాటలు రాసి చదవమన్నాను. అటు చూసింది, ఇటు చూసింది, నీళ్లు నమిలింది. ఇక అక్షరాల దగ్గర మొదలుపెట్టాలి కాబోలు, అయినట్టే ఈ పది అనుకున్నాను. ఇంతలో ఆవిడ బల్ల మీదున్న పుస్తకం తీసుకుని, తలకిందులుగా తిప్పి పట్టుకుని, గడగడా చదివేసింది.

నోరెళ్లబెట్టాను. తర్వాత అర్థమైంది. ఆవిడ తాడు లాగుతూ నిలబడేది, మేం ఎదురుగా కూర్చునేవాళ్లం. మా ఒళ్లో పుస్తకం ఆవిడ వైపు నుంచి ఎప్పుడూ తలకిందులే. అక్షరాలన్నీ అలాగే నేర్చుకుంది.

"ఎందుకు నేర్చుకున్నావత్తా, ఎవరూ నేర్పకుండా?"

"నువ్వు మధ్యలో రెండేసి లైన్లు ఎగ్గొట్టేదానివి కదే. అది పట్టుకుందామని."

పుస్తకాన్ని నిటారుగా పట్టుకుని చదవడానికి రెండు నెలలు పట్టింది. రాయడం ఇంకో గోల. తాడు పట్టీ పట్టీ ఆ వేళ్లు తాడు లావుకే వంగిపోయాయి, సన్నటి పెన్ను నిలిచేది కాదు. మామ మంచం మీద కూర్చునే పెన్నుకు పురికొస చుట్టి లావు చేసి ఇచ్చాడు. అప్పటి నుంచి కుదిరింది. లెక్కల దగ్గర మా ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. భిన్నాలు చెప్పలేక నేను, అర్థంకాక ఆవిడ, ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో! సైన్సు నయం. నీళ్లు, బరువులు, గాలి ఆవిడకు ముందే తెలుసు, పేర్లు మాత్రమే కొత్త.

ఇక నా సబ్జెక్టు. "భాషకేం ఢోకా లేదత్తా. ఇరవై రెండేళ్లుగా వింటున్నావు, అన్ని పాఠాలూ నీకు నోటికొచ్చు" అని వదిలేశాను. ఆవిడ ఏదో అనబోయి ఆగింది. ఆగడం నేను చూశాను. అడగలేదు, లెక్కల తొందరలో ఉన్నాను.

మేలో ఫలితాలొచ్చాయి. లెక్కలు పాసు, సైన్సు పాసు, మిగతావన్నీ పాసు. భాషలో ఆరు మార్కులతో తప్పింది. నా సబ్జెక్టులో! స్టాఫురూములో ముక్కున వేలేసుకున్నారు. నాకు వాళ్ల మీద కోపమొచ్చింది, ఆవిడ మీద ఇంకా ఎక్కువ వచ్చింది. విసవిసా రేవుకి వెళ్లి ఖాళీ పడవ ఎక్కాను.

"ఏం రాశావసలు? ఆ పన్నెండు మార్కుల ప్రశ్నకి ఏం రాశావ్?"

అది అందరికీ తెలిసిన పాఠమే. పరీక్ష రోజున ఏటికి వరదొస్తుంది, పడవ ఉండదు. పదేళ్ల పిల్ల పుస్తకాలు తలకు కట్టుకుని నీళ్లలోకి దిగుతుంది. పడవత్త తాడు లాగుతూనే చెప్పింది.

"పిల్ల నీళ్లలో దిగింది. వాళ్ల నాన్న చూసి కేకేశాడు. ఊళ్లోవాళ్లంతా పరిగెత్తుకొచ్చి గట్టు నుంచి గట్టుకు తాడు కట్టారు. పిల్ల తాడు పట్టుకుని దాటింది. అదే రాశాను."

"పాఠంలో అలా లేదు కదత్తా!"

"మరెలా ఉంది?"

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది. స్తంభానికి పడవను కడుతూ ఇన్నేళ్లుగా ఆవిడ అడుగుతున్నది ఇదే.

"వేరే పాఠాలకి?" అన్నాను.

"అన్నిటికీ చివర్లు నేనే కట్టుకున్నా. మీరు దూకి పోయాక ఖాళీ పడవ లాగుతూ ఏం చెయ్యను? ఆ పిల్ల ఏమైంది, ఆ తల్లి ఏమైంది అని ఆలోచించుకునేదాన్ని. సొంత మాటల్లో రాయమన్నారని ధైర్యంగా రాసేశా."

ఆవిడకు ప్రతి పాఠం మొదలూ కంఠతా వచ్చు. ఒక్కదాని చివరా తెలియదు. ఏడేళ్ల ముగింపులు నేనే ఎగ్గొట్టాను. పైగా టీచర్నై, దగ్గర కూర్చోబెట్టుకుని కూడా చెప్పలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"నా తప్పే అత్తా" అన్నాను.

"ఏడవకే, పడవ తడుస్తుంది" అంది.

సప్లిమెంటరీ పరీక్షకు నెలా పది రోజులుంది. బడికి సెలవులు. రోజూ పొద్దున్నే పడవెక్కి, ఎదురుగా కాకుండా ఆవిడ పక్కనే కూర్చుని, ముగింపులు మాత్రమే చదివాను. ఆవిడ అటూ ఇటూ లాగుతూనే ఉండేది, నేను గట్టు తగిలినా ఆపలేదు. ప్రయాణికులు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు, చూస్తే చూడనీ. కొన్ని ముగింపులకు ఆవిడ "అమ్మయ్య" అంది. కొన్నిటికి "నాదే బాగుంది" అంది. ఒక కథలో తల్లి చనిపోతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ లెక్కలో ఆ తల్లి బతికే ఉంది. ఆ రోజు ఇక చదవొద్దంది.

వరద పాఠం చివర్లో పిల్ల ఒక్కతే ఈది అవతలకు చేరుతుంది, పరీక్షలో మొదటి స్థానం వస్తుంది, హెడ్మాస్టరు భుజం తడతాడు. అది వినగానే పడవత్త లాగడం ఆపేసింది. పడవ ఏటి మధ్యలో నిలిచిపోయింది.

"ఇది రాసినాయన ఎప్పుడైనా మోకాళ్లు తడుపుకున్నాడా? వరదలో దుంగలొస్తాయే, ముళ్లకంపలొస్తాయి. నేనే దిగను. పదేళ్ల పిల్ల ఈదిందట! ఇది చదివి రేపు ఏ పిల్లో నిజంగా దిగితే?"

"పరీక్షలో ఇదే రాయాలత్తా."

"అబద్ధమని తెలిసి కూడానా?"

"నీకు పడవ కావాలా, వద్దా?" అని అరిచాను. నా గొంతు సంగతి తెలుసు కదా, రెండు గట్లకూ వినబడి ఉంటుంది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. లాగింది, వింది, అంతే.

పరీక్షలో మళ్లీ అదే పాఠం వచ్చింది. పేపర్లు తయారుచేసేవాళ్లకి అదంటే ప్రాణం. హాల్లో కంగారుపడి ప్రశ్నపత్రం తలకిందులుగా తిప్పి చదువుతుంటే, కాపలా ఉన్న టీచరు వచ్చి సరిచెయ్యబోయిందట. "ఇలా అయితేనే నాకు త్వరగా తెలుస్తుందమ్మా, మీకేం నష్టం?" అందట ఈవిడ.

"పుస్తకంలో ఉన్నట్టే రాశావు కదా?" అని గేటు దగ్గరే పట్టుకున్నాను.

"రాశాను. పిల్ల ఈదింది, మొదటి స్థానం వచ్చింది, భుజం తట్టారు. అంతా రాసి, కింద ఒక గీత గీశాను."

"గీత ఎందుకు?"

"గీత కింద, 'ఇది పుస్తకంలో ఉన్నది. వరదలో ఏ పిల్లా దిగకూడదు. గట్టు మీదున్నవాళ్లు తాడు కట్టాలి' అని రాశాను. ఇంకా, 'ఇట్లు, ఇరవై మూడేళ్లుగా పడవ లాగుతున్న మనిషి' అని కూడా."

నుదురు కొట్టుకున్నాను. రాసింది ఎవరో జవాబు పేపర్లో తెలియనివ్వకూడదు, పేపరే కొట్టేయొచ్చు. ఆ మూడు వారాలు నాకు అన్నం సహించలేదు. ఆవిడ మాత్రం తాడు లాగుతూ నిమ్మళంగా ఉంది. "రాయాల్సింది రాశా. పోతే పోయింది" అంది. కానీ చివరి వారం రోజుకు రెండుసార్లు పడవ కడిగింది, మామ చెప్పాడు.

జూలై ఇరవై ఆరున మార్కులు తెలిశాయి. భాషలో నలభై ఒకటి. ఆ గీత కింద మాటలకు మార్కులు పడ్డాయో, తెగ్గోశారో ఎవరికీ తెలియదు. నేను రేవు దగ్గరే కూలబడి ఏడ్చాను, ఒప్పుకుంటాను. ఆవిడ సర్టిఫికెట్ తీసుకుని మొదట తలకిందులుగా, తర్వాత నిటారుగా చదువుకుంది.

మోటారు పడవ వచ్చింది. ఏరు దాటడానికి ఇప్పుడు మూడు నిమిషాలు. పాత తాడు తీసేస్తామని ఆఫీసువాళ్లు వస్తే, "అది నా తాడు" అని పంపించేసింది.

ఆ తర్వాత సోమవారం పొద్దున స్టాఫురూములో ఉన్నాను. ఏటి మీద మోటారు చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. చెడిపోయిందేమోనని గట్టుకు పరిగెత్తాను. పడవ నట్టేట్లో పాత తాడుకు కొక్కెంతో తగిలించి ఉంది. పిల్లలు కదలకుండా కూర్చున్నారు. ఒక పిల్ల చదువుతోంది. పడవత్త చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల పక్కనే కూర్చుంది. పాఠం చివరి మాట అయ్యాకే లేచి, కొక్కెం తీసి, మోటారు వేసింది.

హెడ్మాస్టరు నన్ను పిలిచారు. "మీ అత్తగారు పిల్లల్ని రోజూ పది నిమిషాలు ఆలస్యంగా తెస్తోంది. మీరైనా చెప్పండి."

"మొదటి పీరియడు నాదే కదా సార్. హాజరు పది నిమిషాలాగి తీసుకుంటాను" అన్నాను.

ఇప్పుడు రోజూ గట్టు మీదే నిలబడతాను. పడవ తగలగానే అందరికంటే ముందు దూకేది రెండు జడల చిన్నపిల్ల. బడి వైపు పరిగెత్తబోతే రెక్క పట్టుకుని ఆపుతాను.

"ఇవాళ ఏం పాఠం?"

చెబుతుంది.

"తర్వాతేమైంది?" అని అడుగుతాను.

చివరిదాకా చెబుతుంది. వెనక పడవత్త స్తంభానికి పడవను కడుతూ వింటూ ఉంటుంది. అప్పటికి గంట కొట్టి చాలాసేపవుతుంది.