నాలుగు మూలలా పసుపు

రాయగడలో మా బావ వార్డు మెంబరుగా గెలిచినప్పటి నుంచీ ఆయన ఉత్తరాలు రాసేది నేనే. బావంటే మేనత్త కొడుకు. నన్ను చేసుకోకుండా తప్పించుకున్నాడు గానీ నా దస్తూరీని మాత్రం వదల్లేదు. పార్టీవాళ్లకీ ఆఫీసులకీ ఒడియాలో, శ్రీకాకుళం వైపు చుట్టాలకి తెలుగులో. అన్నీ ఒకే బల్ల మీద. మంత్రిగారికి విన్నపం సగంలో ఉండగా, "పిన్ని మోకాళ్ల నొప్పి ఎలగుందో కూడా అడుగమ్మీ" అంటాడు. ఏ కాగితం చుట్టరికానిదో ఏది రాజకీయానిదో నాకే తికమకగా ఉండేది.

ఎమ్మెల్యే టికెట్టు కోసం భువనేశ్వర్‌కి అర్జీ పంపిన రోజు గురువారం. లక్ష్మివారం మంచిదని అత్త పసుపు గిన్నెతో వచ్చి కూర్చుంది. శుభలేఖలకి మూలల్లో పసుపు రాయడం మాలో ఉన్నదే, అర్జీకి కూడా రాస్తే కలిసొస్తుందని ఆవిడ నమ్మకం. నేను టీ పెట్టి వచ్చేసరికి బల్ల మీది కవర్లన్నీ అంటించేసి ఉన్నాయి. అత్తకి అక్షరం రాదు. అర్జీతో పాటు అక్కడున్న ప్రతి కాగితానికీ పసుపు రాసేసిందని నాకప్పుడు తెలీదు. అందులో తెరుబలికి వెళ్లాల్సిన పరామర్శ ఉత్తరం ఒకటుంది.

తెరుబలిలో కార్ఖానా పని చేసుకునే ఒకతను జ్వరమొచ్చి పోయాడు. బావ వెనకాల జెండా పట్టుకు తిరిగినవాడు. పోయే ముందు తన భార్యకి హాస్టల్లో వంటపని ఇప్పించమని మా దగ్గరకొచ్చి అడిగి వెళ్లాడు. ఆ ఉత్తరం వాళ్లమ్మకి రాసింది.

వారం తిరక్కుండా ఆ ముసలమ్మ అరటిపళ్లతో వచ్చింది. గదినిండా జనం. కొంగుముడి విప్పి, పచ్చటి మూలల కాగితం బావ చేతిలో పెట్టింది.

"మా కోడలికి ఉజ్జోగం ఇప్పించేవు కదా నాయినా! పసుపు సూసేను, తెలిసిపోయింది. మా ఊర్లో ఎవులికీ సూపించలేదు, దిష్టి తగుల్తాది. నీ నోటితోనే సదువు."

అది నేను రాసిన పరామర్శ ఉత్తరమే. అత్త ఏమీ తెలియక నవ్వుతోంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. బావ కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని చదివాడు. కోడలికి హాస్టల్లో వంటపని, త్వరలోనే పిలుపొస్తుంది, బెంగపెట్టుకోవద్దు. నేను రాయని ఉత్తరాన్ని తడుముకోకుండా చదివాడు. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. గదిలో అందరూ చేతులు జోడించారు.

ఆమె వెళ్లాక అడిగాను. "ఇదేటి బావా, లేని ఉజ్జోగం సదివేవు?"

"మరేటి సెయ్యమంతావు? పసుపు కాయితం ఎట్టుకొచ్చిన మనిషికి సావు సదవమంతావా? హాస్టలు ఆఫీసుకి ఇప్పుడే రాయమ్మీ, గట్టిగా రాయి."

నాకు దుఃఖమొచ్చింది. ఎంత మంచివాడనుకున్నాను. కాగితం తీసి తేదీ వేస్తుండగా పార్టీవాళ్ల దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "తెరుబలి గురించి బెంగెట్టుకోకండి, అది మనదే" అన్నాడు బావ, అదే గొంతుతో. నా పెన్ను ఆగిపోయింది. ఆ కన్నీళ్లు ముసలమ్మ కోసమో, తెరుబలి ఓట్ల కోసమో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. రెండింటికీ అయ్యుండొచ్చు. ఉత్తరం మాత్రం గట్టిగానే రాశాను.

టికెట్టొచ్చింది, గెలిచాడు కూడా. బావ ఇప్పుడు ఎక్కువగా భువనేశ్వర్‌లోనే ఉంటున్నాడు. హాస్టలు ఆఫీసు నుంచి జవాబు రాలేదు. మళ్లీ రాశాను, పరిశీలిస్తామన్నారు. ఫోనులో గుర్తుచేస్తే బావ, "అవుతాదిలే అమ్మీ" అంటాడు. ఆ మాట నిజంగానే అంటున్నట్టుంటుంది, అదే నా బాధ.

ముసలమ్మ మాత్రం రాయగడ సంతకి వచ్చినప్పుడల్లా మా గుమ్మంలో కూర్చుంటుంది. పని చేతికొచ్చేదాకా ఆ కాగితం ఇంకెవరికీ చూపించనని ఒట్టు పెట్టుకుందట.

"అమ్మీ, ఇంకొక్కపాలి సదువు."

నా ఎదురుగా నేను రాసిన అక్షరాలే ఉంటాయి. మీ అబ్బాయి లేని లోటు తీరనిది, అని. నేను మాత్రం బావ చదివిందే పొల్లుపోకుండా చదువుతాను. నిజం చెప్పేద్దామనే ప్రతిసారీ నోరు తెరుస్తాను. ఆమె మొహం చూస్తే వంటపనే వస్తుంది నోట్లోంచి.

మొన్న మడత పెట్టబోతూ ఆగింది. "నా కొడుకు పేరుందా ఇందులో?"

"ఉంది."

"ఏదీ?"

ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టాను. కాసేపలా ఉంచి, కాగితాన్ని కళ్లకద్దుకుంది. ఆ ఉత్తరం గురించి ఆమెకు నేను చెప్పిన నిజం అదొక్కటే.